అచ్చుకు చేతకాని పని: మామూలు ట్యాంక్ కిట్‌ను చక్కదిద్దుకోవడం

ముందు ఈ ట్యాంకును ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని చూడండి. బ్యారెల్, అంటే ఫిరంగి గొట్టం, పట్టుకుని మాత్రం ఎత్తకండి. ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు టి-34/85 నమూనా, ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్‌తో కట్టింది. 1/35 స్కేలు, అంటే అసలు ట్యాంకులో 35వ వంతు. రంగు వేసే తెద్దామనుకున్నాను, కానీ రంగు పడితే ఏది కిట్‌తో వచ్చిందో, ఏది విడిగా కొని పెట్టిందో మీకు తెలియదు. ఇప్పుడైతే చూడగానే తెలిసిపోతుంది. ఆకుపచ్చగా ఉన్నదంతా కిట్ ప్లాస్టిక్. పసుపుగా మెరిసేది ఇత్తడి. ఎర్రగా కనిపించేది రాగి తీగ. బూడిద రంగు ముక్కలు త్రీడీ ప్రింటర్‌లో తీసినవి.

ఇక ఈ అట్టపెట్టె. ఇదే ట్యాంకు కోసం కొని, పెట్టకుండా వదిలేసిన భాగాలన్నీ ఇందులో ఉన్నాయి. ట్యాంకు కన్నా పెట్టె బరువు. (నవ్వులు) నవ్వండి, ఫర్వాలేదు. ఈ పెట్టె వల్లే ఆ కిట్ ఆరేళ్లు అటకెక్కింది. ఒక ఇత్తడి సెట్టు కొన్నాను, దానికి తగ్గట్టు బ్యారెల్ మార్చాలనిపించింది. బ్యారెల్ మార్చాక ట్రాక్‌లు, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు, వెలవెలబోయినట్టు అనిపించాయి. ట్రాక్‌లు కొన్నాక చక్రాలు. ఖర్చు తడిసి మోపెడైంది, ట్యాంకు మాత్రం భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములోనే ఉండిపోయింది. భాగాలు కొనడం మీద పెట్టిన దృష్టిలో సగం కూడా కిట్‌లో లోపం ఎక్కడుందో చూడటం మీద పెట్టలేదు.

కాబట్టి కిట్ దగ్గర మొదలుపెడదాం. చవక కిట్ ఎందుకు బొమ్మలా కనిపిస్తుంది? కొలతలు తప్పనో, రివెట్లు తక్కువనో చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. అసలు కారణం అచ్చు. రెండు ఉక్కు దిమ్మలు దగ్గరికి వస్తాయి, మధ్యలో కరిగిన ప్లాస్టిక్ దూరుతుంది, చల్లారాక దిమ్మలు విడిపోతాయి. భాగం వాటి మధ్య నుంచి ఎక్కడా తట్టుకోకుండా బయటికి జారాలి. అంతే కథ. కిట్‌లో మనకు నచ్చనివాటిలో ముప్పాతిక వంతు ఈ జారాల్సిన అవసరం నుంచి పుట్టినవే. హ్యాండిల్ కింద ఖాళీ ఉంటే అది దిమ్మకు తట్టుకుంటుంది, అందుకని ఖాళీ లేకుండా పూడ్చేస్తారు. మరీ పల్చగా ఉంటే ప్లాస్టిక్ చివరిదాకా పారదు, అందుకని మందంగా పోస్తారు. గుండ్రటి గొట్టాన్ని రెండు సగాలుగా చీలుస్తారు. జల్లెడ ఉండాల్సిన చోట గుంటలు గుంటలుగా ఉన్న పలక ఇస్తారు. పక్కలకు కదిలే దిమ్మలు కూడా ఉన్న అచ్చులు ఇప్పుడు వచ్చాయి, వాటితో బ్యారెల్ ఒకే ముక్కగా, నోట్లో బోలుతో సహా వస్తుంది. కానీ పాత అచ్చు నుంచి వచ్చిన చవక కిట్‌లో ఆ భోగం ఉండదు.

ఇది ఒక్కటి మనసులో పెట్టుకుని కిట్‌ను చూస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో కిట్టే చెబుతుంది. అచ్చుకు చేతకానిది మాత్రమే కొనండి. అచ్చు బాగానే చేసినదాన్ని ఇత్తడితో మళ్లీ కొనడం శుద్ధ దండగ.

ఫెండర్ దగ్గరికి వద్దాం. ట్రాక్‌ల మీద కప్పి ఉండే రేకు. అసలు ట్యాంకు మీద అది నిజంగా రేకే, మూడు మిల్లీమీటర్లు అనుకోండి. 35తో భాగిస్తే 0.09 మి.మీ. వస్తుంది. మామూలు కిట్ ఫెండర్‌ను నేను కొలిస్తే 0.8 మి.మీ. తేలింది. తిరిగి 35తో గుణించండి, 28 మి.మీ. అది రేకు కాదు, కవచం! పోల్చుకోవడానికి, టి-34 ఒంటి పక్కల అసలు కవచమే 45 మి.మీ. మన కిట్‌లో బురద ఆపే రేకు, గుండు ఆపే కవచంలో సగానికి పైగా మందంగా ఉందన్నమాట. కంటికి ఈ లెక్క తెలియదు, కానీ తేడా తెలుస్తుంది. చూసినవాళ్లు 'ఎందుకో బొమ్మలా ఉంది' అంటారు తప్ప ఎందుకో చెప్పలేరు.

ఇక్కడ ఇత్తడి రేకు, అంటే మనం ఫోటో ఎచ్ అనేది, నిజంగా పనికొస్తుంది. యాసిడ్‌తో కోసిన రేకు, మందం సాధారణంగా 0.1 నుంచి 0.2 మి.మీ. మధ్య ఉంటుంది. ఫ్రేము నుంచి కోసేటప్పుడు మెత్తటి చాప మీద పెట్టకండి, రేకు వంగిపోతుంది. గాజు పలక మీదో, నున్నటి టైలు మీదో పెట్టి, వంపు అంచు ఉన్న బ్లేడుతో పైనుంచి నొక్కండి. చిన్న ముక్క అయితే టింగ్‌మని ఎగురుతుంది, ఆ తర్వాత దాని జాడ దేవుడికెరుక. నేనైతే చేతులు రెండూ పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి కోస్తాను. చూడటానికి పిచ్చివాడిలా ఉంటాను గానీ ముక్క ఎటూ పోదు. కోసిన చోట మిగిలే మొటిమను సన్న ఆకురాయితో, రేకు పొడవు వెంట, ఒకే దిక్కుగా రుద్దాలి. అడ్డంగా రుద్దితే అంచు వంకర పోతుంది.

చాలా టి-34లకు ముందు ఫెండర్ వంపు తిరిగి ఉంటుంది. ఇత్తడి బిరుసు, స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. ఆ ముక్కను పట్టకారుతో పట్టుకుని మంట మీద చూపించండి. మసక ఎరుపు తిరగగానే తీసేసి దానంతట అది చల్లారనివ్వండి. ఒక్క క్షణం ఎక్కువైతే సన్నటి చివరలు కరిగి ఉండలు కడతాయి, అది కూడా చేసి చూశాను. చల్లారాక మెత్తబడి చెప్పినట్టు వింటుంది. గుండ్రటి కడ్డీ మీద వేలితో నొక్కితే వంపు వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. మెత్తబడ్డ ఇత్తడికి సొట్టలు పెట్టొచ్చు. నా చేతిలో ఎడమ ఫెండర్ మూల నలిగి ఉంది చూశారా? ఏ గోడకో రాసుకుని వెళ్లినట్టు. ప్లాస్టిక్‌తో ఆ నలుగుడు రాదు, ఎంత గీకినా కొరికినట్టే ఉంటుంది.

ఇత్తడి కొనడం ఇష్టం లేనివాళ్లకు ఒక దొంగదారి ఉంది. ఫెండర్ మొత్తం పల్చన కానక్కర్లేదు, కంటికి కనిపించేది అంచే. అడుగు వైపు నుంచి అంచును మాత్రం ఏటవాలుగా, దాదాపు కాగితమంత పల్చన అయ్యేదాకా గీకేయండి. పైనుంచి చూసేవాడికి మొత్తం రేకు పల్చగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఖర్చు ఒక బ్లేడు, ఒక గంట. నా కుడి ఫెండర్ అలా చేసిందే. ఇందాక చూసినవాళ్లలో ఎవరైనా గమనించారా? లేదు కదా.

అతికించడం గురించి ఒక్క ముక్క. ప్లాస్టిక్ సిమెంటు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, ఇత్తడిని గానీ రెజిన్‌ను (ద్రవంగా పోత పోసి గట్టిపరిచే పదార్థం) గానీ ఏమీ చేయదు. వాటికి సూపర్ గ్లూ కావాలి. ట్యూబు నుంచి నేరుగా వేయకండి. రేకు ముక్క మీద ఒక చుక్క వేసుకుని సూది మొనతో తీసుకోండి. ఫెండర్‌లాంటి పొడుగు అతుకులకు జెల్ రకం మేలు, సర్దుకోవడానికి నాలుగు క్షణాలు టైమిస్తుంది. ఇత్తడికి ఇత్తడి అతకాలంటే టంకం అంత గట్టిది ఇంకోటి లేదు, చేయి కుదిరితే.

ఇంజిన్ మీది జల్లెడ కూడా ఇదే కోవ. టి-34 వెనక భాగంలో వేడి గాలి బయటికి పోయే చోట తీగ జల్లెడ మూత ఉంటుంది. అచ్చుకు అది సాధ్యం కాదు. విడిగా కొనదగ్గ భాగాల్లో నా దృష్టిలో ఇదే మొదటిది. చాలా చిన్న సెట్టు, అయినా ట్యాంకు వెనకభాగం మొహం మారిపోతుంది. కాకపోతే జల్లెడ పెట్టాక దాని గుండా ఖాళీ పొట్ట కనిపిస్తుంది. లోపల నల్లరంగు వేసిన ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టడం మరిచిపోకండి.

పొట్ట అంటే గుర్తొచ్చింది. పాత కిట్లలో అడుగున బెజ్జాలు కనిపిస్తాయి, ఎందుకో తెలుసా? అవి మోటారు కిట్లు. 1960ల మొదట్లో జపాన్ మోడల్ కంపెనీ టామియా తన మొదటి జర్మన్ పాంథర్ ట్యాంకును మోటారు, బ్యాటరీలు లోపల పట్టేటట్టు చేసింది. అదే సైజులో ఇంకొన్ని చేద్దామని తర్వాత దాన్ని కొలిస్తే దాదాపు 1/35 అని తేలింది. ప్రపంచమంతా నడుస్తున్న ఈ వింత స్కేలుకు మూలం బ్యాటరీల సైజు! ఆ తరం కిట్లలో స్విచ్చు బెజ్జం, గేర్‌బాక్సు బెజ్జం, ట్రాక్‌ల పైన ఒంటికి అడుగు లేకుండా నోరు తెరుచుకున్న ఖాళీ, అన్నీ ఆ కాలం గుర్తులే. వీటికి ఏ సెట్టూ కొనకండి. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు కోసి మూసేయండి.

బ్యారెల్. ఇక్కడ నా మాట కొందరికి నచ్చదు. లేతు మీద తీసిన లోహపు బ్యారెల్ చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. రెండు సగాలు అతికించిన ప్లాస్టిక్ బ్యారెల్ అతుకును గరుకు కాగితంతో రుద్దే కొద్దీ గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అప్పుడు కొనండి. కానీ టి-34/85 ఫిరంగికి మూతి దగ్గర మజిల్ బ్రేక్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నే ఊపును తగ్గించే భాగం) ఉండదు, నున్నటి గొట్టం, అంతే. మీ కిట్‌లో అది ఒకే ముక్కగా వచ్చిందా, లోహం జోలికి పోనక్కర్లేదు. నోట్లో బోలు చూసుకోండి చాలు. 85ను 35తో భాగిస్తే 2.4 మి.మీ. చేతి డ్రిల్లుతో ముందు సన్న బెజ్జం, తర్వాత పెద్దది. పాంథర్ లాంటి ట్యాంకుకైతే మజిల్ బ్రేక్ ఉంటుంది, లోపల గదులు, పక్కల కిటికీలు ఉంటాయి. అది అచ్చు వల్ల కాదు. అక్కడ లోహం కొంటే డబ్బుకు న్యాయం. ముందు మెషిన్ గన్ బోలు 7.62 మి.మీ., అంటే మన స్కేల్లో 0.22. అంత డ్రిల్లు పట్టే ఓపిక నాకు లేక ప్రింట్ చేసిన ముక్క పెట్టాను. హెడ్‌లైటు కూడా అంతే.

ఇప్పుడు ట్రాక్‌లు. టి-34కు పైన ట్రాక్‌ను మోసే చిన్న చక్రాలు ఉండవు. ఐదు పెద్ద చక్రాల నెత్తి మీదే ట్రాక్ వాలి ఉంటుంది, చక్రానికీ చక్రానికీ మధ్య కొంచెం జారుతుంది. రెండో చక్రానికీ మూడో చక్రానికీ మధ్య ఎడం ఎక్కువ, జారుడు అక్కడ ఇంకాస్త కనిపిస్తుంది. ఆ బరువంతా కంటికి తెలియాలి. చవక కిట్‌లో ఇచ్చేది మెత్తటి వినైల్ పట్టీ. రబ్బరు బ్యాండులా బిగుసుకుని చక్రాల పైనుంచి తిన్నగా గీత గీసినట్టు పోతుంది. ముప్పై రెండు టన్నుల ఈ ట్యాంకుకైనా, ఇంకే ట్యాంకుకైనా అదే బెల్టు! ఇంకో గొడవ ఏమిటంటే, వినైల్ మెత్తగా ఉండటానికి కలిపే పదార్థం కొన్ని పాత కిట్లలో ఏళ్ల తరబడి ప్లాస్టిక్ చక్రాలను తాకి వాటిని కరిగించేస్తుంది. అటక మీంచి పెట్టె దించి తెరిస్తే చక్రం అంచు జిగురైపోయి ఉంటుంది.

అందుకని విడి లింకులు. టి-34 ట్రాక్ ఒక వైపు డెబ్బైకి పైగా లింకులు ఉంటాయి. పన్ను ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, అలా మారి మారి వస్తాయి. అసలు లింకు వెడల్పు 500 మి.మీ., మన చేతిలో 14 మి.మీ. చిల్లర. ప్లాస్టిక్ లింకులు ఉన్నాయి, తీగ గుచ్చి కలిపే తెల్ల లోహపు లింకులు ఉన్నాయి. లోహం వాటి సొంత బరువుకే వాలుతుంది, మనం ఏమీ చేయనక్కర్లేదు, అదే దాని అందం. కానీ ఒక్కో లింకుకు తీగ దూరే బెజ్జం పూడుకుని ఉంటుంది, డ్రిల్లుతో తెరవాలి. రెండు వైపులా కలిపి నూట నలభై పైచిలుకు లింకులు. రోజుకు ఇరవై చొప్పున వారం రోజులు కూర్చున్నాను, బొటనవేలు మొద్దుబారింది.

లోహపు ట్రాక్ బరువు గురించి ఎవరూ ముందు చెప్పరు. దీనికి ముందు చేసిన పాంథర్‌కు అవే వేశాను. రంగు, మురికి, తుప్పు, అన్నీ పూర్తయి అరలో పెట్టాను. నెల తిరిగేసరికి ముందు చక్రం ఇరుసు పుటుక్కున విరిగింది. ప్లాస్టిక్ ఇరుసు ఆ లాగుడుకు ఓర్చుకోలేదు. విరిగిన చక్రాన్ని తిరిగి పెడదామని ట్యాంకును ఎత్తితే ట్రాక్ జారి ఫెండర్‌ను పట్టుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. అప్పటినుంచి లోహపు ట్రాక్ వేస్తే ముందూ వెనకా చక్రాల ఇరుసుల్లో ముందే బెజ్జం చేసి ఇత్తడి కడ్డీ దించుతున్నాను. ఒకసారి ఎత్తి చూడండి, కదలదు.

ఇంకో జాగ్రత్త. టి-34 వెనక చక్రం ట్రాక్‌ను లాగే పద్ధతి వేరు. చక్రానికి పళ్లు ఉండవు, లోపల రోలర్లు ఉంటాయి, అవి ట్రాక్ పళ్లను పట్టుకుని లాగుతాయి. మీరు కొన్న లింకుల పళ్ల ఎడం మీ కిట్ చక్రం రోలర్లకు సరిపోవాలి. సెట్టు మీద ఫలానా కిట్‌కు అని రాసి ఉంటుంది, అది చదవకుండా కొనడం ముసుగులో గుద్దులాట. కొత్త చక్రం ట్రాక్ సెట్టుతోనే ఇస్తే మరీ మంచిది. పది లింకులు కలిపి చక్రానికి చుట్టి చూశాకే మిగతావి మొదలుపెట్టండి.

*(సభలోంచి ఒకరు: వినైల్‌తోనే సరిపెట్టుకోవచ్చా?)*

పెట్టుకోవచ్చు. ట్రాక్ పైభాగం ఎక్కువ కనబడని ట్యాంకులకు, పక్కల కవచపు రేకులు ఉన్నవాటికి, నిక్షేపంగా. టి-34కు కూడా ప్రతి చక్రం మధ్య ట్రాక్‌ను కిందికి లాగి, ఒంటి పక్క నుంచి గుచ్చిన సన్న తీగతో నొక్కి ఉంచొచ్చు. ఫెండర్ నీడలో తీగ కనబడదు.

చక్రాలు. నా పెట్టెలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. రబ్బరు లేని ఉక్కు అంచు చక్రాల రెజిన్ సెట్టు. ఎంత బాగున్నాయో చూడండి. అందానికి పడిపోయి కొన్నాను. తర్వాత తెలిసింది, 1942లో రబ్బరు కొరత వచ్చినప్పుడు స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీ లాంటి చోట్ల వచ్చిన చక్రాలవి. 85 మి.మీ. ఫిరంగి ట్యాంకు ఉత్పత్తికి వచ్చింది 1944లో, వేరే ఫ్యాక్టరీల నుంచి. సైజు సరిపోయింది గానీ కాలం సరిపోలేదు. యుద్ధంలో మరమ్మతు చేసేటప్పుడు దొరికిన చక్రం బిగించేవాళ్లు, ఒకే ట్యాంకుకు రెండు మూడు రకాల చక్రాలు ఉన్న ఫోటోలు ఉన్నాయి, కాదనను. కానీ అన్నీ అవే పెట్టి కొత్త ట్యాంకు అంటే రివెట్లు లెక్కపెట్టే బాపతు వాళ్లు నన్ను వదులుతారా? (నవ్వులు) ముందు ఒక ఫోటో ఎంచుకోండి, ఒక ట్యాంకు, ఒక రోజు. ఆ ఫోటోలో కనిపించేదే కొనండి.

హ్యాండిళ్లు కొననే కొనకండి. ఒంటి మీదా, టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే గోపురం) మీదా సైనికులు పట్టుకుని వేలాడే కడ్డీలు అవి. అసలువి 18 మి.మీ. అనుకుంటే మనకు అర మిల్లీమీటరు తీగ. ప్లాస్టిక్ హ్యాండిల్ గీకేసి, దాని కాళ్ల చోట బెజ్జాలు చేసి, తీగ వంచి దించండి. ఒక ప్లాస్టిక్ ముక్కను హ్యాండిల్ వెడల్పుకు కోసి దాని చుట్టూ వంచితే అన్నీ కవల పిల్లల్లా వస్తాయి. లాగుడు తాడు కూడా అంతే. కిట్‌లో ఇచ్చే దారానికి నూగు లేస్తుంది, రంగు వేస్తే గొంగళిపురుగే. పాత కరెంటు వైరు ఒలిచి, లోపలి సన్న రాగి తీగలు పేని, ఇత్తడి లాగా మంట మీద చూపిస్తే తాడులా వాలుతుంది.

చివరిగా టరెట్. దీనికోసం రెజిన్ టరెట్ ఒకటి కొన్నాను, అదీ పెట్టెలో ఉంది. రెజిన్ రుద్దేటప్పుడు నీళ్లు తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అతికించే ముందు సబ్బు నీళ్లతో కడగండి, అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన నూనె ఉంటే రంగు నిలవదు. ఇవన్నీ చేసి చూస్తే, కిట్ టరెట్టే మేలనిపించింది. ఆకారం సరిగ్గానే ఉంది, లేనిదల్లా గరుకు. అసలు టి-34/85 టరెట్ ఇసుక అచ్చులో పోత పోసింది, నున్నగా ఉండదు. ప్లాస్టిక్ సిమెంటు పలచగా పూసి, అది తడిగా ఉండగానే బిరుసు బ్రష్‌తో నిలువుగా పొడవండి. లేదా మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి పూత పూసి పొడవండి. ఆరాక పైపైన ఒకసారి గరుకు కాగితం తిప్పండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కిట్ భాగాల మీద అచ్చు అతుకు గీత కనిపిస్తే గీకి పారేయాలని మనకు మొదటి రోజు నుంచీ నేర్పారు. అలవాటు కొద్దీ టరెట్ పక్కల ఉన్న అడ్డగీతను కూడా నున్నగా రుద్దేశాను. తర్వాత ఫోటోలు చూస్తే అసలు టరెట్ మీదే ఆ గీత ఉంది, గట్టులా లేచి, మొరటుగా. పోత పోసిన అచ్చు సగాలు కలిసిన చోటు అది. సాగదీసిన స్ప్రూ ముక్క (వేడి చేసి సన్నగా లాగిన ఫ్రేము ప్లాస్టిక్) అంటించి, పుట్టీ పూసి, పొడిచి, రుద్దేసిన గీతను మళ్లీ నిర్మించడానికి ఒక సాయంత్రం పట్టింది.

ప్రైమర్, అంటే రంగు కింది పూత, ఇంట్లో వేస్తాను. ఇత్తడిని ముందు ఒకసారి స్పిరిట్‌తో తుడవాలి, వేలి జిడ్డు ఉంటే రంగు పొరలా లేస్తుంది. రంగుల సంగతి ఇంకో రోజు ఎవరైనా చెప్పాలి, నా రంగులు చూస్తే మీరే నాకు చెబుతారు.

పెట్టె ఈ బల్ల మీదే వదిలి వెళ్తున్నాను. మీ దగ్గర టి-34/85 కిట్ ఉంటే కావాల్సింది తీసుకోండి. ఉక్కు చక్రాలు మాత్రం 1942 ట్యాంకు చేసేవాళ్లకే ఇస్తాను, ముందు ఫోటో చూపించాలి.